గెట్టు పక్కోన్ని అడిగినవా?

పెబ్బేరు కాడ నలభైనాలుగో నంబరు రోడ్డు పక్కన జాగ చూసొచ్చిన అంటివి గద మనుమడా, ఇట్ల మంట దగ్గరికి జరుగు, చెప్త. నలుగురు దోస్తులు కలిసి కొంటున్నరు, మంచిదే. అమ్మేటాయన కాయితం చూపిచ్చిండు, అదీ మంచిదే. మరి ఆ చేనుకు నాలుగు దిక్కుల గెట్టు ఎవరిదో అడిగినవా?

మా నాయిన కాలంల భూమి కొనుడంటే ఊరంత తెలిసే పని. పంట ఇల్లు చేరినంక బేరాలు నడిచేటివి. బయానా ఇచ్చే ముందు గెట్ల రైతులను పిలిచి కూసోబెట్టేటోళ్లు. నీరడి వచ్చి హద్దురాళ్లు చూపిచ్చేటోడు. ఎన్నేండ్ల సంది ఎవరు దున్నుతున్నరు, అన్నదమ్ముల పంపకం అయ్యిందా, ఆడబిడ్డలకు ఏమన్న రాసిచ్చిండ్రా, బాట ఎవరి చేన్లకెళ్లి పోతది, బాయి నీళ్లల్ల ఎవరి వంతెంత, అన్నీ ఆన్నే తేలేటివి. రాసుకునేది మాత్రం తెల్లకాయితం మీద. సాదాబైనామా అంటుండె. సాక్షులు బతికున్నన్ని దినాలు అది నడిచింది. వాళ్లు పోయినంక కొడుకులకు ఏం తెలుస్తది? కొట్లాటలు ఆన్నే మొదలైనయ్.

జూరాల ప్రాజెక్టు నీళ్లొచ్చినంక ఆ కొట్లాటలు ఇంకా పెరిగినయ్. 1981ల పునాది పడ్డది. కుడికాలువ గద్వాల దిక్కు, ఎడమకాలువ మన దిక్కు. అంతకుముందు బొంబాయికి, పూనాకు వలస పోతా పోతా అగ్గువకు అమ్ముకున్న చెల్కలకు ధర వచ్చె. ధర వస్తే మరిచిపోయిన వారసులంత తిరిగొస్తరు బిడ్డా. రోడ్డు పక్కన ఇప్పుడు నడుస్తున్నది అదే.

కాయితాల సంగతి జర మనసు పెట్టి విను. గద్వాల, వనపర్తి, కొల్లాపూరు ఏలిన జటప్రోలు, ఇవన్నీ సంస్థానాలుండె. 1949ల జాగీర్లు రద్దయినయ్, మరుసటేడు కౌలు చట్టం వచ్చింది. 1954-55ల ఖాస్రా పహాణి రాసిండ్రు. పట్టా ఎవరిది, కబ్జాల ఎవరున్నరు, అండ్ల ఉంటది. దాని నకలు తీసుకో. ఆన్నుంచి ఈనాటి దాంక పేరు ఎట్ల మారుకుంట వచ్చిందో చూడు. నడుమ ఒక్క కాడ తెగినా బయానా ఇయ్యకు. రక్షిత కౌలుదారు పేరు కనబడితే ఆయన వారసులను ఎతుకు. సర్కారు పేదోనికిచ్చిన లావుణి పట్టా అయితే ముట్టుకోనే ముట్టుకోకు. 1977 చట్టం ప్రకారం అది అమ్మరాదు, కొనరాదు, సర్కారు వాపసు తీసుకుంటది. పేదోనికిచ్చిన భూమి పేదోని చేతులనే ఉండాలె, నాకైతే అదే న్యాయం.

1984ల పట్వారీలు పోయిండ్రు. భూమి రికార్డు ఆన్‌లైన్ల చూపిచ్చే ధరణి 2020ల వచ్చె, దాని జాగల 2025ల భూభారతి వచ్చె. సెల్‌ఫోన్ల పేరు కనబడంగనే పని అయిపోయిందనుకోకు. పొద్దుగాల పోయి చేన్ల ఎవరు నాగలి కడుతున్నరో చూడు. కౌలుకు చేసేటోనితోని మాట్లాడు. మండల సర్వేయర్‌తోని కొలిపియ్యి, టిప్పన్ చూడు. భూమి మీద పాత అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ తీసే డాక్యుమెంట్ రైటర్ నీకు తెలిసినోడై ఉండాలె, అమ్మేటోడు తెచ్చినోడు కాదు. దళారి తిరిగేది ఆయన కమీషన్ కోసం, నీ కోసం కాదు.

ఇంకోటి. వనపర్తి సంస్థానంల ఏడు చెరువులను సప్త సముద్రాలంటరు. శ్రీరంగాపురం రంగసముద్రం అండ్లదే. ఎండకాలం చెరువు వెనుక శిఖం భూమి ఎండి చదునుగ, ముచ్చటగ కనబడ్తది. ఆడ ప్లాట్లు గీసేటోళ్లున్నరు. వానకాలం పోయి చూస్తే నీళ్లుంటయ్. అందుకే మా నాయిన ఏ భూమినైనా ఒకసారి ఎండల, ఒకసారి వానల చూసే కొనేటోడు. నాగర్‌కర్నూల్ దిక్కయితే కల్వకుర్తి ఎత్తిపోతల కాలువల కింద ఆ సర్వే నంబరు పోయిందా అని కూడ అడుగు. వెంచర్ ప్లాటైతే లేఔట్ అనుమతి, రెరా నంబరు చూడు.

ఇగ మీ నలుగురి ముచ్చట. ఎవరి పైసలెన్ని, రేపు ఒకడు తప్పుకుంటనంటే మిగిలినోళ్లు ఏ ధరకు తీసుకోవాలె, అవి బయానాకు ముందే రాసుకోండ్రి. రిజిస్ట్రీల నలుగురి పేర్లూ పడాలె.