సైంధవుడి పక్షాన కూర్చుని

ఆసుపత్రిలో డ్యూటీ లేని వారాంతాల్లో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని మా ఇంట్లో భోజనాల బల్ల మీద లిబియా ఎడారి పరుచుకుంటుంది. అవలాన్ హిల్ సంస్థ 1964లో విడుదల చేసిన ‘ఆఫ్రికా కోర్’ అనే పాత యుద్ధక్రీడ అది. ఆరుమూలల గళ్ళున్న పటం, సైనిక దళాలకు గుర్తుగా చిన్న అట్టబిళ్ళలు, ఒక పాచిక. మా అబ్బాయి ఎప్పుడూ జర్మన్ పక్షమే తీసుకుంటాడు. రోమెల్ పేరున్న బిళ్ళ, వేగంగా కదిలే ట్యాంకు దళాలు వాడివి. నాకు మిగిలేది రక్షణపక్షం: కొద్దిపాటి దళాలు, టోబ్రూక్ కోట, ఎదురుచూపు.

మొదట్లో వరుసగా ఓడిపోయాను. సరిహద్దు గీసినట్టు దళాలను బారుగా నిలబెట్టడం నేను చేసిన తప్పు. ఎడారిలో ఉత్తరాన సముద్రం ఉంటుంది. దక్షిణాన అడ్డమేమీ ఉండదు. ఎంత బారు గీసినా దాని కొసను చుట్టి రావచ్చు. ఈ ఆటలో జర్మన్ పక్షానికి సరఫరాలు సముద్రం మీదుగా రావాలి; వచ్చేదీ మునిగేదీ పాచిక చెబుతుంది. సరఫరా లేనిదే దాడి లేదు. కనుక రక్షకుడు నేలను కొంత వదులుకుంటూ కాలాన్ని కొనుక్కోవాలి. టోబ్రూక్ రేవును మాత్రం వదలకూడదు. ఇది బోధపడ్డాకే, చాలా ఏళ్ళుగా అలమరలో ఉన్న చెస్టర్ విల్‌మాట్ పుస్తకం ‘టోబ్రూక్ 1941’ను తీసి శ్రద్ధగా చదివాను. ముట్టడి సాగుతుండగా అక్కడినుంచి ఆస్ట్రేలియా రేడియోకు వార్తలు పంపిన విలేఖరి ఆయన.

1941 ఏప్రిల్‌లో రోమెల్ సేనలు టోబ్రూక్‌ను చుట్టుముట్టాయి. లోపలి సైన్యానికి నాయకుడు ఆస్ట్రేలియా తొమ్మిదవ డివిజన్ అధిపతి లెస్లీ మోర్స్‌హెడ్. పూర్వం ఇటాలియన్లు కట్టిన కాంక్రీటు స్థావరాలు సుమారు 45 కిలోమీటర్ల పొడవున అర్ధచంద్రాకారంలో ఉండేవి. ఆ స్థావరాల్లో ఆస్ట్రేలియన్ పదాతులు, వెనుక బ్రిటిష్ ఫిరంగులు. ఇప్పుడు నేనుంటున్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో సమీకరించిన 2/15వ బెటాలియన్ అక్కడే ఉంది. మన దేశపు పద్దెనిమిదవ కావల్రీ రెజిమెంటు కూడా ఆ ముట్టడిలో నెలల తరబడి నిలిచింది. ఈ చివరి మాట ఇక్కడి మిత్రులకు చెబితే ఆశ్చర్యపోతారు. మనవాళ్ళకు చెప్పినా అంతే.

మోర్స్‌హెడ్ పదాతులకిచ్చిన ఆజ్ఞ వింతగా ఉంటుంది. ట్యాంకులు వస్తే అడ్డుకోవద్దు, స్థావరాల్లో తల దాచుకుని పోనివ్వండి. వాటి వెనుక నడిచి వచ్చే సైనికులను మాత్రం ఒక్కరినీ దాటనివ్వకండి. ఏప్రిల్ 13 రాత్రి జర్మన్లు కంచెలో దారి చేసుకున్నారు. తెల్లవారకముందే 38 ట్యాంకులు లోపలికి వచ్చాయి. రెండుమూడు కిలోమీటర్ల దాకా వాటిని ఎవరూ ఆపలేదు. తెల్లవారేసరికి అవి 25 పౌండ్ల ఫిరంగుల ఎదుట ఉన్నాయి. వెనుక రావలసిన పదాతిదళం రాలేదు. స్థావరాల వద్దే చిక్కుకుపోయింది. దాదాపు సగం ట్యాంకులు అక్కడే మిగిలాయి. ఆ రాత్రి పోరులోనే గాయపడి మరణించిన కార్పొరల్ జాన్ ఎడ్మండ్‌సన్‌కు, ఆ యుద్ధంలో ఆస్ట్రేలియా సైన్యానికి లభించిన తొలి విక్టోరియా క్రాస్ దక్కింది.

ఇది చదువుతూ నేను పద్మవ్యూహాన్ని తలచుకోకుండా ఉండలేకపోయాను. అభిమన్యుడు లోపలికి వెళ్ళాడు. వెంట రావలసిన భీముడినీ తక్కిన పాండవులనూ సైంధవుడు ద్వారం దగ్గరే ఆపేశాడు. మన కథలో మన ప్రాణమంతా లోపల ఒంటరియైన బాలుడితో ఉంటుంది. సైంధవుడి పేరు అడ్డుపడేవాడికి మారుపేరుగా మిగిలింది. కానీ ఈ ఆటలో ఆ ద్వారం దగ్గర నిలబడవలసినవాణ్ణి నేనే. పక్షం మారితే చూపు ఎంత మారుతుందో అనుభవమయింది. తలపై నుంచి ట్యాంకు దాటుతుంటే కదలకుండా ఉండాలంటే, వెనుకనున్న, తానెన్నడూ చూడని ఫిరంగివాడు తన పని చేస్తాడని నమ్మాలి. మోర్స్‌హెడ్ పథకం నిలిచింది ఆ నమ్మకం మీదనే.

ఆ నమ్మకానికి మూల్యం ఉంది. పగలంతా గుంతలో వంగి కూర్చోవడం, తలెత్తితే తూటా, ఉప్పునీళ్ళు, ఈగలు, విరేచనాలు, మానని పుళ్ళు. టోబ్రూక్‌లో పనిచేసిన కూపర్, సింక్లెయిర్ అనే ఇద్దరు ఆస్ట్రేలియన్ వైద్యులు, అక్కడ మనసు చెదిరిన 207 మంది సైనికుల గురించి 1942లో వైద్యపత్రికలో రాశారు. వైద్యుడిగా నన్ను ఆపేసిన సంఖ్య అది. ఆ ముట్టడిలో ఆస్ట్రేలియన్లే 800 మందికి పైగా మరణించారు; ఆట ఆ మరణాలను తీసేసిన బిళ్ళలుగా లెక్కిస్తుంది. వేచి ఉండటం వల్ల విరిగిపోయినవాడికి మాత్రం అందులో బిళ్ళ లేదు. నేను ‘ఈ వంతులో కదలను’ అని తేలిగ్గా అనేసి టీ కలుపుకోవడానికి లేస్తాను. ఆ ఒక్క మాట వెనుక ఎన్ని పగళ్ళున్నాయో ఇప్పుడు తెలుసు.

1941 చివరిలో ముట్టడి వీడింది. మరుసటి సంవత్సరం జూన్‌లో రోమెల్ మళ్ళీ వచ్చాడు. అదే రేవు, అవే స్థావరాలు. 20వ తేదీ ఉదయం దాడి ఆగ్నేయ మూల మీద పడింది. అక్కడ ఉన్నది భారత సైన్యపు పదకొండవ బ్రిగేడ్. ముందు దెబ్బ తిన్నది అందులోని మరాఠా బెటాలియన్. ఈసారి కందకం ఇసుకతో పూడిపోయి ఉంది. మందుపాతరలు చాలావరకు తవ్వి గజాలా రేఖకు తరలించారు. ట్యాంకులను ఆపే ఫిరంగులు చాలవు, ఎదురుదాడి సకాలంలో రాలేదు. ముందువాళ్ళు నిలబడవలసినచోటే నిలబడ్డారు. వాళ్ళు నమ్ముకోవలసిన వెనుకభాగమే సిద్ధంగా లేదు. మరునాడు కోట లొంగిపోయింది. 30 వేలకు పైగా సైనికులు బందీలయ్యారు.

మొదటి టోబ్రూక్‌కు ఇక్కడ ఏటా ఏప్రిల్ 25న తెల్లవారుజామున పూలమాలలు పడతాయి. శత్రువు రేడియోలో ఎలుకలని ఎగతాళి చేస్తే ఆ పేరునే బిరుదుగా ధరించినవాళ్ళు వాళ్ళు. ఆ గౌరవానికి అర్హులు. రెండవ టోబ్రూక్‌లో ద్వారం దగ్గరున్న మనవాళ్ళను ఓటమి లెక్కలో కలిపేసి మరచిపోయాం. రోమెల్ జీవితచరిత్రలు ఇష్టంగా చదివే మన ఇళ్ళలో ఆ పదకొండవ బ్రిగేడ్ పేరు ఎందరికి తెలుసు? ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

పోయిన ఆదివారం మా అబ్బాయి పాచిక కలిసివచ్చి టోబ్రూక్‌ను పట్టుకున్నాడు. బిళ్ళలు డబ్బాలో సర్దుతూ, “ఈసారి రోమెల్ నువ్వు తీసుకో నాన్నా, పాపం ఎప్పుడూ ఓడిపోతున్నావు” అన్నాడు. వద్దన్నాను. వాడికి 1942 జూన్ కథ చెప్పడం మొదలుపెట్టాను. సగం సర్దిన బిళ్ళలను మళ్ళీ బల్ల మీద పోసి, ఆ ఆగ్నేయ మూల ఎక్కడని వాడు పటంలో వెతికాడు.