ఊరు మారి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళకి బదిలీలు లేవు కాబట్టి అక్కడితో ఆగారు గాని, ఉండి ఉంటే 'ఊరు మారి చూడు' అని మూడోది కూడా చేర్చేవాళ్ళే. ఉద్యోగం కోసం ఊరు మారేటప్పుడు ఆ ఊరు మన చేతిలో ఉండదు. సర్కారువారు పొమ్మన్నచోటికి పెట్టే బేడా సర్దుకుని పోవాల్సిందే. మన చేతిలో ఉండేదల్లా ఆ ఊళ్ళో ఏ పేటలో దిగాలన్నది ఒక్కటే. అది కుదిరిందా, నాలుగు నెలల్లో ఊరు మనదవుతుంది. కుదరలేదా, పదేళ్ళున్నా చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుంది.

తుగ్లక్ సుల్తాను రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాదుకి మార్చాడని చిన్నప్పుడు చదువుకుని నవ్వుకున్నాం. ఆ పాఠంలో సుల్తాను ఉన్నాడు, సైన్యం ఉంది. కాని ఆ వెళ్ళినవాళ్ళ ఇల్లాళ్ళు దౌలతాబాదులో ముందుగా బావి ఎక్కడుందని అడిగి ఉంటారా, పొరుగెవరని అడిగి ఉంటారా? ఆ సంగతి ఏ పుస్తకంలోనూ కనిపించదు. రాజధానులు ఏలినవారు మారుస్తారు. పేటలు మాత్రం ఇల్లాళ్ళు వెతుక్కుంటారు. మా ఇంట్లో మూడు తరాలకి నాలుగు రాజధానులు వచ్చాయి కాబట్టి ఈ మాట కాస్త ధైర్యంగానే అంటున్నాను.

మా నాన్న మద్రాసు సెక్రటేరియట్‌లో గుమాస్తా. మాది తెనాలి దగ్గర పల్లెటూరైనా నాకు ఊహ తెలిసింది త్యాగరాయనగర్‌లో. ఆ పేటకి పిట్టి త్యాగరాయ సెట్టిగారి పేరు, అందులోని పార్కుకి పానగల్లు రాజాగారి పేరు. ఇద్దరూ తెలుగువాళ్ళే. వీధిలో తెలుగు మాటలకి లోటు లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని అయింది. నాన్న సంతోషంతో మిఠాయి పంచారు. అమ్మ పంచిన మిఠాయి తింటూనే, "కర్నూల్లో ఇళ్ళు దొరుకుతాయా?" అంది.

ఇళ్ళు దొరకలేదు. గుడారాలు దొరికాయి. ఆఫీసులకే సరైన చోటు లేక డేరాలు వేశారంటే ఇక గుమాస్తాల సంగతి చెప్పాలా? చాలామంది పెళ్ళాం పిల్లల్ని స్వగ్రామాల్లో దింపి ఒంటరిగా వచ్చారు. మా అమ్మ ఒప్పుకోలేదు. "మీకు గుడారమైతే మాకూ గుడారమే" అని బయల్దేరింది. అక్కడ పేట ఎంచుకునే బెడద లేదు. గుడారాల వరసలో మన వంతుకి వచ్చిందే మన పేట. పక్కవారికీ మాకూ మధ్య గోడ అంటూ లేదు, ఒక గుడ్డ అడ్డం. వాళ్ళింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు! ఒకనాడు ట్రంకు పెట్టెలో చీరల మడతల్లోంచి తేలు బయటపడింది. అమ్మ కేకకి నాలుగు గుడారాల ఆడవాళ్ళు చీపుళ్ళతో పరుగెత్తుకొచ్చారు. కర్నూలు ఎండని మా అమ్మ చివరిదాకా తిట్టింది గాని, ఆ చీపుళ్ళ సైన్యాన్ని మాత్రం మెచ్చుకోని రోజు లేదు.

మూడేళ్ళు తిరిగాయో లేదో మళ్ళీ మూటాముల్లే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాజధాని హైదరాబాదు. నాన్న ముందు వెళ్ళి ఉత్తరం రాశారు. ఆఫీసు సైఫాబాదులోనట. ఖైరతాబాదులో ఒక వాటా చూశారట, పది నిమిషాల నడకేనట. అమ్మ జవాబు రెండే ముక్కలు: "ఆ పది నిమిషాలు మీకు సరే. పిల్ల బడికి ఎన్ని నిమిషాలు?"

ఆ ప్రశ్నలో పెద్ద చరిత్రే ఉందని నాకు చాలా ఏళ్ళ తరవాత గాని తెలియలేదు. నిజాం రాజ్యంలో చదువంటే ఉర్దూ చదువు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు కూడా ఉర్దూలోనే చెప్పేవారు. అలాంటి రోజుల్లో, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు ఆడపిల్లలకి తెలుగులో చదువు చెప్పే బడి పెట్టారు. సర్కారు గుర్తింపు లేకపోతే ఆయన కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం కుదుర్చుకుని పిల్లల చేత పరీక్షలు రాయించారు. ఎక్కడో మహారాష్ట్రదేశంలోని పరీక్షని మన తెలుగు పిల్లలు హైదరాబాదులో తెలుగులో చదివి రాశారంటే ఆ పెద్దాయన పట్టుదల ఎంతటిదో చూడండి. ఆ బడి నారాయణగూడలో ఉందని కర్నూలు నుంచి వచ్చే రైల్లో ఒకావిడ చెప్పింది. అంతే. కాచిగూడ స్టేషన్లో దిగుతూనే అమ్మ, "నారాయణగూడ ఎటువైపండీ?" అంది. పెట్టెలు దించుతున్న నాన్న ఒక్క క్షణం ఆగి, "ఖైరతాబాదు వాటాకి బయానా ఇచ్చానే!" అన్నారు. ఆ బయానా తిరిగి రాలేదు.

అన్నట్టు, హైదరాబాదులో పేటలు మార్చుకోవడం మాతో మొదలైన పని కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేల ప్రాణాలు పోయాయి. ఆ గాయం మానకముందే 1911లో ప్లేగు. మరుసటి ఏడు నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. గాలీ వెలుతురూ లేని గల్లీలు తీయించి, రోడ్లు వెడల్పు చేయించి, సామాన్యులకి ఇళ్ళు కట్టించిందా బోర్డు. స్థోమత ఉన్నవాళ్ళు ఏటికి దూరంగా, మెట్ట వైపుకి కదలసాగారు. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం ప్రభువు సైతం పాతబస్తీలోని చౌమహల్లాకి మారకుండా కింగ్ కోఠీలోనే ఉండిపోయాడు. ఇక గండిపేట చెరువు 1920లో పూర్తయింది. మళ్ళీ వరద రాకుండానూ, ఊరికి తాగేనీళ్ళు ఇవ్వడానికీ కట్టిన చెరువది. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాదు వదలరని సామెతే పుట్టింది. మేమూ ఆ నీళ్ళ వెంటే వచ్చాం.

ఇంతకీ నారాయణగూడలో ఇల్లు. షాబాదు బండలు పరిచిన వాకిలి, మూల మల్లెపందిరి, వెనక రెండు గదుల వాటా. ఇల్లుగలావిడకి నలభై దాటి ఉంటాయి. అమ్మ మొదటి ప్రశ్న, "కుళాయి ఉందా అండీ?"

"నల్లా ఉంది చెల్లె."

అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "నల్లగా ఉంటేనేం లెండి, నీళ్ళొస్తే చాలు" అంది.

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది. "అయ్యో, నల్లా అంటేనే నీళ్ళొచ్చేది! పొద్దుగాల రెండు గంటలొస్తయి."

కిరాయి ముప్ఫై అయిదన్నారు. నాన్న అప్పటికే ఆఫీసులో నేర్చుకున్న తెలివితో, "హాలీయా, కల్దారా?" అని అడిగారు. నిజాం నాటి హాలీ రూపాయలు ఏడిస్తే కల్దారు రూపాయలు ఆరు. హాలీ సిక్కాకి కాలం చెల్లుతున్నా పాతవాళ్ళ నోట ఆ లెక్కే ఆడుతుండేది. ఆవిడ హాలీ అన్నారు. అంటే ముప్ఫై. నాన్న మొహం వికసించింది. అమ్మ అప్పటికే వంటింట్లో పొయ్యి ఏ మూల పెట్టాలో చూసుకుంటోంది. ఆ రోజు మొదలు నాన్న హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్ మీదుగా సైకిలు తొక్కుతూ ఆఫీసుకి వెళ్ళారు. ఎదురుగాలి వచ్చినప్పుడల్లా ఖైరతాబాదు వాటాని తలుచుకునేవారు. నేను మాత్రం రిబ్బన్లు ఎగరేసుకుంటూ నడిచి బడికి పోయేదాన్ని.

ఇంతవరకూ అయితే ఇది సరదా కథే. ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఒకరోజు నల్లా దగ్గర బిందె నిండుతుండగా పెద్దమ్మ (ఇల్లుగలావిడని మేం అలాగే పిలిచేవాళ్ళం) ఉన్నట్టుండి అంది: "చెల్లె, ఏమనుకోకు. మా పెద్దోడు ఉర్దూల చదివిండు. మీరంతా ఇంగ్లీషు చదువులతోని వస్తిరి. ఇగ వాని నౌకరీ ఎటు వోయె?"

అమ్మ ఏమీ అనలేక బిందె ఎత్తుకుని వచ్చేసింది. ఆ రాత్రి నాన్నతో, "మనం ఇల్లు చూసుకున్నాం గాని, ఆ ఇంట్లో ఎవరి వంతుకి అడ్డం వచ్చామో చూసుకోలేదండీ" అంది.

పెద్దమ్మ అడిగింది ఒక్క తల్లి బాధ కాదు. 1955లో ఫజల్ అలీ కమిషన్ తన నివేదికలో ఈ భయాన్నే రాసింది. చదువులో ముందున్న కోస్తావాళ్ళు వస్తే తెలంగాణావాళ్ళకి ఉద్యోగాల్లో అన్యాయం జరుగుతుందేమోనని అక్కడివారు అనుకుంటున్నారని చెప్పి, తెలంగాణాని కొన్నాళ్ళు విడిగానే ఉంచమంది. 1956 ఫిబ్రవరిలో నాయకులు ఢిల్లీలో కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. కాగితం మీద రక్షణలన్నీ ఉన్నాయి. కాగితానికీ నల్లాకీ మధ్య దూరం ఎంతో మా వాకిట్లో తెలిసింది.

నాన్న ఆ కుర్రవాడికి సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టారు. అమ్మే పట్టుబట్టి పెట్టించింది. అతనికి ఇంగ్లీషు వచ్చింది. ఆశించిన సర్కారు నౌకరీ మాత్రం రాలేదు. ఆబిడ్స్‌లో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసుకుంటూ గడిపాడు. మా నాన్నకి ఆ పదమూడేళ్ళలో రెండు ప్రమోషన్లు వచ్చాయి. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకిప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

1969 వచ్చింది. జై తెలంగాణ ఉద్యమం. కాలేజీలు మూతపడ్డాయి. కాల్పుల్లో పిల్లలు చనిపోతున్నారన్న వార్తలు. మా వైపువాళ్ళు కొందరు సంసారాల్ని స్వగ్రామాలకి పంపించేశారు. పెద్దమ్మ కొడుకు రోజూ ఊరేగింపులకి వెళ్ళేవాడు. ఒక సాయంత్రం నాన్న ఇంకా ఆఫీసు నుంచి రాలేదు, వీధి చివర నినాదాలు దగ్గరవుతున్నాయి. అమ్మ తలుపు గడియ వేసి నన్ను దగ్గరికి లాక్కుంది. అప్పుడు బయట ఏదో ఈడుస్తున్న చప్పుడు. కిటికీలోంచి చూస్తే పెద్దమ్మ! నవారు మంచం ఈడ్చుకొచ్చి మా గుమ్మానికి అడ్డంగా వేసుకుని, వక్కలు కత్తిరిస్తూ కూర్చుంది. ఊరేగింపు మా ఇంటి ముందు నుంచే పోయింది. అందులో ఆవిడ కొడుకూ ఉన్నాడు. తల్లిని చూసి తల వంచుకుని సాగిపోయాడు.

తరవాత అమ్మ ఆవిడ చేతులు పట్టుకుంటే, "వాని కొట్లాట సర్కారుతోని. అది కొట్లాడాల్సిందే. నీ ఇంటితోని ఏం కొట్లాట?" అంది.

బడి దూరం చూసి, నీళ్ళు చూసి, కిరాయి చూసి ఎంచుకున్నాం మేము. అలా గుమ్మానికి మంచం అడ్డం వేసే మనిషి ఆ ఇంట్లో ఉందని ముందుగా మాకెవరు చెప్పగలరు?

ఆ కొట్లాట చివరికి 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమైంది. పెద్దమ్మ లేదు, అమ్మ లేదు. సచివాలయంలో సెక్షన్ ఆఫీసరైన మా అమ్మాయిది ఆంధ్రా కోటా. 2016లో ఆఫీసులు వెలగపూడికి తరలాయి. అల్లుడి ఉద్యోగం, పిల్లల చదువులు హైదరాబాదులో. వారానికి అయిదు రోజుల పని అన్నారు కాబట్టి సోమవారం వెళ్ళి శుక్రవారం రావాలి.

"అమ్మా, గుంటూరా, విజయవాడా, మంగళగిరా? ఎక్కడ ఉండమంటావు?" అని అడిగింది. మా అమ్మ పగలంతా ఇంట్లో ఉండేది కాబట్టి బడి, బావి, పొరుగు చూసుకుంది. నాన్న ఆఫీసు దూరం చూసుకున్నారు. పాపం, నా కూతురు ఈ రెండు లెక్కలూ ఒక్కతే వేసుకోవాలి. ఆఫీసుకి బస్సుండాలి, రాత్రి ఒంటరిగా నడిచి వచ్చే వీధి మంచిదై ఉండాలి, జ్వరమొస్తే కాస్త కాఫీ ఇచ్చే దిక్కుండాలి. చివరికి మంగళగిరిలో ఒక వాటా చూసింది. మా తాతల ఊరికి అంత దూరమేమీ కాదు.

ఆ రాత్రి ఫోన్ చేసింది. "ఇల్లు బాగానే ఉందమ్మా. కిరాయి ఎంతండీ అంటే ఆవిడ కాసేపు నా మొహం చూసి, 'అద్దా?' అంది. నల్లా ఉందా అని అడిగా. 'నల్లగా ఎందుకుంటుందమ్మా, మొన్ననే సున్నం వేయించాం' అంది!"

పడీ పడీ నవ్వాను. నవ్వుతుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి. అరవై ఏళ్ళలో మా ఇంటి మాట అంత దూరం నడిచి, తిరిగి సొంత గడ్డ మీదికి పరాయిదై వెళ్ళింది.

"ఇంకోటి కూడా అడిగిందమ్మా. 'హైదరాబాదు వాళ్ళు కదా, ఎన్నాళ్ళుంటారు?' అని. ఏం చెప్పాలో తోచలేదు" అంది గొంతు తగ్గించి.

"ఏమీ చెప్పకు. రేపు పొద్దున్న నీళ్ళు పట్టుకునేటప్పుడు ఆవిడ పిల్లలేం చేస్తున్నారో అడుగు. ఆవిడ చెప్పింది తీరిగ్గా విను" అన్నాను.