మెచ్నికోవ్ పెరుగు నుంచి జఠర క్యాన్సర్ దాకా

1904 జూన్ 8న పారిస్‌లో ఇల్యా మెచ్నికోవ్ వృద్ధాప్యం మీద ఒక బహిరంగ ఉపన్యాసం ఇచ్చాడు. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో అప్పటికే ఆయన మాటకు తిరుగులేదు. పెద్దపేగులో కుళ్లు పుట్టించే సూక్ష్మజీవులు విషాలు తయారుచేస్తాయనీ, అవి రక్తంలో కలిసి మనిషిని వేళకు ముందే ముసలివాణ్ని చేస్తాయనీ, పాలను పులియబెట్టే బ్యాక్టీరియా ఆ కుళ్లును అణచగలదనీ ఆయన వాదన. పుల్లని పాలతో బతికే బల్గేరియా రైతులు నూరేళ్లు దాటుతారన్న ప్రచారం దానికి బలం చేకూర్చింది. మరుసటి ఏడాది జెనీవాలో వైద్యం చదువుతున్న బల్గేరియా యువకుడు స్టామెన్ గ్రిగోరోవ్ తమ దేశపు పెరుగులోంచి కడ్డీ ఆకారపు బ్యాక్టీరియాను వేరుచేసి వర్ణించాడు. యూరప్ పట్టణాల్లో పుల్లని పాలకు గిరాకీ పెరిగింది. 1908లో మెచ్నికోవ్‌కు నోబెల్ వచ్చింది. అయితే అది రోగనిరోధక కణాల మీద ఆయన చేసిన పనికి. పెరుగు సిద్ధాంతం మాత్రం రుజువు కాని ఆశగానే మిగిలింది.

ఆ సిద్ధాంతంలో జఠరానికి చోటు లేదన్న సంగతి గమనించాలి. ఆయన దృష్టంతా పెద్దపేగు మీదే. జఠరంలోని అంతటి ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ స్థిరపడలేదన్నది వైద్యలోకంలో బలంగా పాతుకున్న నమ్మకం. కాబట్టి మేలుచేసే బ్యాక్టీరియా కథ, జఠర క్యాన్సర్ కథ సుమారు ఎనభై ఏళ్లపాటు వేర్వేరు దారుల్లో నడిచాయి.

మొదటి దారిలో ఎదురుదెబ్బ త్వరగానే తగిలింది. గ్రిగోరోవ్ చూపిన బ్యాక్టీరియా మనిషి పేగులో నిలదొక్కుకోదని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో లియో రెట్గర్, హ్యారీ చెప్లిన్ 1921 నాటికి తేల్చి, దాని బదులు లాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్‌ను ముందుకు తెచ్చారు. 1930లో క్యోటోలో మినోరు షిరోటా ఆమ్లాన్నీ పిత్తాన్నీ తట్టుకునే ఒక రకాన్ని ఎంచి పెంచాడు. 1935 నుంచి అది యాకుల్ట్ పేరుతో చిన్న సీసాల్లో అమ్ముడవుతోంది. ‘ప్రోబయోటిక్’ అంటే ఏమిటో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో అర్జెంటీనాలోని కోర్డోబాలో నిర్వచించారు: తగిన మోతాదులో ఇచ్చినప్పుడు తీసుకున్నవారి ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు. మోతాదు, సజీవత, రుజువైన మేలు అనే మూడు షరతులూ అందులో ఉన్నాయి.

రెండో దారి మరీ గతుకులమయం. జఠర క్యాన్సర్‌కు క్రిమి కారణమన్న ఆలోచన ఒకసారి ఘోరంగా బెడిసికొట్టింది. కోపెన్‌హేగెన్ శాస్త్రవేత్త యోహానెస్ ఫిబిగర్ ఒక పురుగు వల్ల ఎలుకల జఠరంలో క్యాన్సర్ వస్తోందని ప్రకటించాడు. దానికి 1926 సంవత్సరపు నోబెల్ కూడా దక్కింది. ఆయన చూసిన గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కాదనీ, విటమిన్ ఎ లోపానికి అందులో పెద్ద పాత్ర ఉందనీ తరువాతి పరిశోధకులు తేల్చారు. ఆ అనుభవం తర్వాత క్రిమికీ క్యాన్సర్‌కూ ముడిపెట్టేవాళ్లను శాస్త్రలోకం అనుమానంగా చూసిందంటే ఆశ్చర్యం లేదు. క్రాకోలో వాలెరి యావోర్‌స్కీ 1899లోనే మనిషి జఠర ద్రవంలో మెలికల బ్యాక్టీరియాను చూశాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1954లో అమెరికన్ వైద్యుడు ఎడ్డీ పామర్ వెయ్యికి పైగా జఠర ముక్కలను పరీక్షించి అలాంటి జీవి ఏదీ లేదన్నాడు. ఆయన వాడిన రంగు ఆ బ్యాక్టీరియాను చూపలేదు. ఆ ఒక్క పొరపాటు పావు శతాబ్దం పాటు తలుపు మూసేసింది.

తలుపు తెరుచుకున్నది ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో. 1979లో పాథాలజిస్టు రాబిన్ వారెన్ వెండి రంగు వేసిన జఠర ముక్కల్లో, వాపు ఉన్న చోటే, ఈ జీవులను చూశాడు. 1981లో యువ వైద్యుడు బారీ మార్షల్ ఆయనతో కలిశాడు. కల్చర్ ప్లేట్లను రెండు రోజులకే పారేస్తున్నంత కాలం ఏదీ మొలవలేదు. 1982 ఈస్టర్ సెలవుల్లో ప్లేట్లు అదనంగా కొన్ని రోజులు ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయాయి. సెలవుల తర్వాత వచ్చి చూస్తే 35వ రోగి ప్లేటు మీద కాలనీలు కనిపించాయి. నిదానంగా పెరిగే జీవి అది. జంతువుల మీద ప్రయోగం ఫలించక 1984లో మార్షల్ తానే ఆ కల్చర్ తాగాడు. కొద్దిరోజుల్లో వికారం, వాంతులు. పదో రోజు ఎండోస్కోపీలో జఠరపు వాపు, అందులోనే బ్యాక్టీరియా. హెలికోబాక్టర్ పైలోరీ అన్న పేరు దానికి 1989లో స్థిరపడింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

వాపు నుంచి క్యాన్సర్ దాకా దారి గీసినవాడు కొలంబియా పాథాలజిస్టు పెలాయో కొర్రేయా. వాపు, పొర క్షీణించడం, జఠర పొర పేగు పొరలా మారడం, కణాల్లో వికృతి, చివరికి క్యాన్సర్. దశాబ్దాల పాటు సాగే ఈ మెట్లను ఆయన 1975లోనే ప్రతిపాదించాడు. మొదటి మెట్టుకు కారకం ఎవరో పెర్త్ చెప్పింది. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ బ్యాక్టీరియాను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి శ్రేణి కారకాల్లో చేర్చింది. నవోమి ఉయెమురా బృందం 2001లో ప్రచురించిన జపాన్ అధ్యయనం అన్నిటికంటే సూటిది: 1,526 మందిని సగటున 7.8 ఏళ్లు గమనిస్తే, బ్యాక్టీరియా ఉన్న 1,246 మందిలో 36 మందికి క్యాన్సర్ వచ్చింది, లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు.

రెండు దారులూ పైలోరీ దగ్గరే కలిశాయి. 1989లో బొంబాయి వైద్య బృందం ఒకటి అసిడోఫిలస్ పైలోరీ పెరుగుదలను గాజుపాత్రలో అడ్డుకుంటుందని చూపి, బహుశా అది విడుదల చేసే లాక్టిక్ ఆమ్లమే కారణమని రాసింది. 1997లో జపాన్ పరిశోధకులు ఏ క్రిమీ లేకుండా పెంచిన ఎలుకలకు లాక్టోబాసిల్లస్ సాలివేరియస్ ముందుగా ఇస్తే పైలోరీ జఠరంలో స్థిరపడలేకపోయింది. తరువాతి ప్రయోగశాల పరిశోధనలు మరికొన్ని మార్గాలు చూపాయి: జఠర గోడకు అతుక్కునే చోటును ముందే ఆక్రమించడం, జిగురుపొరను మందం చేయించడం, వాపును రేపే సంకేతాలను తగ్గించడం. మనుషుల్లో ఫలితం ఇంత స్పష్టంగా లేదు. ఎల్‌జీ21 అనే రకం కలిపిన పెరుగును జపాన్‌లో ఎనిమిది వారాలు తినిపిస్తే శ్వాస పరీక్షలో పైలోరీ చురుకుదనం తగ్గింది, బ్యాక్టీరియా మాత్రం పోలేదు. చిలీ బడిపిల్లల్లోనూ మరో రకంతో ఇలాంటి తగ్గుదలే కనబడింది. తగ్గించడం వేరు, తుడిచిపెట్టడం వేరు. క్యాన్సర్ విషయంలో రుజువైన మేలు తుడిచిపెట్టడానిదే.

షాన్‌డాంగ్ రాష్ట్రం లిన్‌చూ జిల్లాలో చైనా పరిశోధకులు 1995లో మొదలుపెట్టిన ప్రయోగం ఆ మేలును లెక్కతో చూపింది. రెండు వారాల అమాక్సిసిలిన్, ఒమెప్రజోల్ తీసుకున్న పైలోరీ రోగుల్లో పదిహేనేళ్లలో 3 శాతం మందికి జఠర క్యాన్సర్ వచ్చింది. ఉత్త మాత్ర తీసుకున్నవారిలో 4.6 శాతానికి. రెండు వారాల మందు ఫలం తెలియడానికి పదిహేనేళ్లు పట్టింది. ప్రోబయోటిక్‌లు జఠర క్యాన్సర్‌ను ఆపుతాయని చెప్పాలంటే ఇలాంటి ఓపిక, ఇంతమంది మనుషులు కావాలి. కణాల మీదా ఎలుకల మీదా వచ్చిన ఫలితాలు ఆ స్థానాన్ని భర్తీ చేయలేవు. ఇప్పటికి నిలకడగా నిలిచిన మేలు ఒకటుంది: పైలోరీకి ఇచ్చే యాంటీబయాటిక్ చికిత్సతో పాటు కొన్ని ప్రోబయోటిక్‌లు ఇస్తే విరేచనాలు, వికారం తగ్గి, రోగి మందును మధ్యలో మానకుండా పూర్తిచేస్తాడు. 2022 నాటి మాస్ట్రిక్ట్ నిపుణుల ఏకాభిప్రాయ పత్రం కూడా మేలుకు కారణాన్ని అక్కడే చూసింది. మందు పూర్తిచేయడమే క్యాన్సర్ నివారణలో అసలు అడుగు కాబట్టి, ఈ సాయాన్ని చిన్నదిగా చూడటం నాకు ఇష్టం లేదు. 2022లో ప్రపంచంలో సుమారు 9.68 లక్షల మందికి జఠర క్యాన్సర్ కొత్తగా వచ్చింది, 6.6 లక్షల మంది చనిపోయారు.

మన దేశంలో పైలోరీ చాలామందిలో ఉన్నా జఠర క్యాన్సర్ జపాన్‌లో కంటే చాలా తక్కువ. ఆ ఘనత పెరుగన్నానిదే అనడానికి నోరు ఊరుతుంది గానీ, ఆధారం లేదు. పెరుగన్నం తినే దక్షిణాదిలో ఉత్తరాది కంటే ఈ వ్యాధి ఎక్కువ. మిజోరంలో మరీ ఎక్కువ. ఇంట్లో తోడు పెట్టిన పెరుగు మంచి ఆహారం. అందులో ఏ రకం బ్యాక్టీరియా ఎంత ఉందో ఇంటింటికీ మారుతుంది. పైలోరీ ఉందని పరీక్షలో తేలినవారు మందు మాని మజ్జిగ మీద ఆధారపడటం ప్రమాదం.

కొర్రేయా మెట్లలో చివరిదాకా వెళ్లిన జఠరంలో మరో చిక్కు ఉంది. పొర క్షీణించాక ఆమ్లం ఊరదు, పైలోరీకి అనుకూలమైన చోటు పోతుంది, దాని స్థానంలోకి ఇతర బ్యాక్టీరియా వస్తుంది. 2018లో పోర్చుగల్ పరిశోధకులు 54 మంది జఠర క్యాన్సర్ రోగులను, దీర్ఘకాలపు వాపు ఉన్న 81 మందిని పోల్చారు. క్యాన్సర్ ఉన్నవారిలో హెలికోబాక్టర్ తక్కువ. పెరిగిన జాతుల్లో లాక్టోబాసిల్లస్ కూడా ఉంది. అది అక్కడ వ్యాధిని పెంచుతోందా, లేక ఆమ్లం లేని జఠరంలో చోటు దొరికి ఊరికే చేరిందా అన్నది ఆ పోలిక ఒక్కటే చెప్పలేదు. పైలోరీ అప్పుడే సోకిన పిల్లాడికి, పొర క్షీణించిన అరవై ఏళ్ల మనిషికి ఒకే ప్రోబయోటిక్‌ను ఒకే నమ్మకంతో ఇవ్వవచ్చా అన్న ప్రశ్నకు ఇకమీదటి పరిశోధనలు రెండు వేర్వేరు జవాబులు వెతకాల్సి ఉంటుంది.