మర్లవాయి నేర్పిన పాఠం: పాత బడిని నిలబెట్టేది ఎవరు?

 

ఈ మధ్య మన కొండల్లోని పాత ఆశ్రమ పాఠశాలల పూర్వ విద్యార్థులు ఒకచోట చేరుతున్నారు. వాట్సాప్ గ్రూపులు పెట్టుకుంటున్నారు, దండారి సెలవుల్లో కలుసుకుంటున్నారు, "మన బడి మూతపడకుండా ఏం చేద్దాం" అని మాట్లాడుకుంటున్నారు. ఇది మంచి పని. వార్డెన్‌గా రోజూ ఆ బడుల్లోనే ఉండేదాన్ని కనుక నాకు మరీ సంతోషం. అయితే పనిలో దిగేముందు మన చదువు ఎక్కడ మొదలైందో, ఎలా మొదలైందో తెలుసుకుంటే దారి తప్పకుండా ఉంటాం. అందుకే ఈ ప్రత్యేక సంచికలో మర్లవాయి గురించి రాస్తున్నాను.

మర్లవాయి ఇప్పటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. పేరు మీరంతా వినే ఉంటారు. హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులున్న ఊరని కొందరికి తెలుసు. గుస్సాడి గురువు, పద్మశ్రీ కనక రాజు గారి ఊరని ఇంకొందరికి తెలుసు. 1943లో గోండుల కోసం ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది కూడా అక్కడే అని మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

ఆ కేంద్రం ఎందుకు వచ్చిందో తెలియాలంటే మూడేళ్లు వెనక్కి పోవాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన వెంట ఉన్నవాళ్లు నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగారు. ఆ పోరాటం భూమి కోసం, అడవి కోసం. మన పెద్దలు తరతరాలుగా పోడు కొట్టి, దున్ని, పంట తీసిన నేలను అటవీశాఖ రిజర్వు గీతల్లో కలిపేసుకుంది. మిగిలిన మంచి నేలకు బయటివాళ్లు పట్టాలు రాయించుకున్నారు. మనవాళ్లకు దున్నడం తెలుసు. కాగితం మీద ఏం రాశారో చదవడం తెలియదు. పటేల్ చేత వేలిముద్ర వేయించుకున్న కాగితం అప్పు పత్రమో, భూమి అమ్మిన పత్రమో చెప్పేవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. జోడేఘాట్‌లో రక్తం చిందడం వెనక ఈ అక్షరం లేని నిస్సహాయత కూడా ఉంది.

ఆ సంఘటన తర్వాత కొండల్లో అసలు ఏం జరుగుతోందో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం అనుకుంది. అప్పటికే హైదరాబాద్ రాజ్యంలో చెంచుల గురించి, కొండరెడ్ల గురించి అధ్యయనం చేస్తున్న ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మర్లవాయిలో ఇల్లు కట్టుకుని ఉన్నారు. గోండి నేర్చుకున్నారు, మన పండుగల్లో కూర్చున్నారు, మన భూముల కష్టం విన్నారు. ఆయన సూచనల మీద వేల కుటుంబాలకు పట్టాలు ఇచ్చే పని నడిచింది. ఫసలీ 1356లో, అంటే 1946-47 కాలంలో, గిరిజన ప్రాంతాల రక్షణకు ప్రత్యేక చట్టం కూడా వచ్చింది.

పట్టా చేతికి వచ్చినా దాన్ని చదవలేకపోతే అది మళ్లీ చేజారుతుంది. చదువు పథకం అవసరం ఇక్కడే వచ్చింది. బడి పెట్టాలంటే పంతులు కావాలి. గోండి వచ్చిన పంతుళ్లు అప్పుడు ఎక్కడున్నారు? పట్నం నుంచి వచ్చినవాడికి మన మాట రాదు, మన చలిజ్వరం పడదు, మన కొండ దారి నచ్చదు. అందుకని మర్లవాయిలో పిల్లల బడి కన్నా పంతుళ్ల తయారీ మీద ముందు దృష్టి పెట్టారు. అరకొరగా మరాఠీ అక్షరాలు వచ్చిన గోండు యువకులను వెతికి పట్టుకొచ్చారు. వాళ్లు అక్కడే ఉండి చదువుకున్నారు, చదువు చెప్పడం నేర్చుకున్నారు, మళ్లీ గూడేలకు పోయి బడులు తెరిచారు.

వాళ్ల చేతికి ఇచ్చిన వాచకాలు గోండి భాషలో ఉండేవి. లిపి దేవనాగరి. ఆ కాలంలో మన పశ్చిమ భాగమంతా మరాఠీ వాడుకలో ఉండేది కాబట్టి ఆ లిపిని ఎంచుకున్నారు. పిల్లవాడు మొదట తన మాటలో చదవడం నేర్చుకోవాలి, ఆ తర్వాత మరాఠీకి, రాజ్యభాష అయిన ఉర్దూకి పోవాలి. ఇదీ ఆ పద్ధతి. టీటీసీ చదివేటప్పుడు మాకు "తెలిసినదాని నుంచి తెలియనిదానికి" అని బోధనా సూత్రం చెప్పారు. మర్లవాయిలో అది 1943లోనే ఆచరణలో ఉంది.

ఇందులో తెలివి ఏమిటో ఒక చిన్న ఉదాహరణతో చెబుతాను. మా హాస్టల్‌కు కొత్తగా వచ్చిన చిన్న పిల్లలు దాహం వేస్తే "ఏర్" అంటారు. గోండిలో ఏర్ అంటే నీళ్లు. తెలుగు మాత్రమే వచ్చిన టీచర్‌కు అది "ఏరు"లాగా వినిపిస్తుంది. పిల్ల వాగు దగ్గరికి పోతానంటోందేమో అనుకుని "కూర్చో" అని గదమాయిస్తుంది. పిల్ల కూర్చుంటుంది, దాహంతోనే. ఇలాంటివి నాలుగు జరిగితే ఆ పిల్ల బడిలో నోరు తెరవదు. పదోరోజు ఇంటికి పోతుంది. రిజిస్టర్‌లో మనం "డ్రాపౌట్" అని రాసుకుంటాం. మర్లవాయిలో తయారైన పంతులు దగ్గర ఆ పిల్లకు నీళ్లు దొరికేవి.

ఆ కేంద్రం విలువ దాని గోడల్లో లేదు. అక్కడ చదివినవాళ్లే చుట్టుపక్కల బడులకు పంతుళ్లయ్యారు. వాళ్ల దగ్గర చదివినవాళ్లలోంచి మళ్లీ పంతుళ్లు, ఉద్యోగులు, ఊరి పెద్దలు వచ్చారు. దీపంతో దీపం వెలిగించినట్టు నడిచిన పని అది. పూర్వ విద్యార్థుల సంఘం అన్న పేరు అప్పుడు లేదు కానీ, మన ప్రాంతంలో తమ బడిని మొదట నిలబెట్టిన పూర్వ విద్యార్థులు వాళ్లే.

మరి అది ఎందుకు బలహీనపడింది? 1948లో నిజాం పాలన పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలుగు పాలనా భాష అయింది. గోండి వాచకాలు మూలపడ్డాయి. బడులు పెరిగాయి, నిజమే. కానీ గోండి రాని పంతుళ్లు వచ్చారు. కొందరు ప్రేమగా పనిచేశారు, కొందరు బదిలీ ఎప్పుడా అని రోజులు లెక్కపెట్టారు. 1970లలో హైమన్‌డార్ఫ్ మళ్లీ ఆదిలాబాద్ తిరిగి చూసి, భూములు చేజారుతున్న తీరు గురించి, గోండి చదువు ఆగిపోవడం గురించి 1982లో అచ్చయిన తన పుస్తకంలో బాధగా రాశారు. ఒక విషయం గమనించండి. రాజ్యాంగంలో 350ఏ అధికరణ 1956లోనే చేరింది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్న సమూహాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని అది చెబుతోంది. మాట రాజ్యాంగంలోకి వచ్చిన ఏడాదిలోనే మన తరగతి గదిలోంచి అది జారిపోవడం మొదలైంది.

ఆ తర్వాతి చరిత్ర మీ అమ్మానాన్నలకు తెలిసినదే. 1970లలో ఐటీడీఏలు వచ్చాయి. కొండల్లో ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు పెరిగాయి. తిండి, బట్ట, పుస్తకం ఇచ్చి అక్కడే ఉంచుకుని చదివించే ఆ బడులు లేకపోతే ఇవాళ నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాను, మీలో చాలామంది దీన్ని చదివేవారు కారు. 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని అది చెప్పింది. మర్లవాయిలో మొదలైన ఆలోచనకు అది ప్రభుత్వ రూపం అనుకోవచ్చు. దానివల్ల వేలమంది మన పిల్లలు టీటీసీ, బీఎడ్ చదివి టీచర్లయ్యారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలు నిలిచాయి. రాబోయే తరానికి ఆ హామీ పోయింది.

ఇంకోవైపు గురుకులాలు, ఏకలవ్య పాఠశాలలు వచ్చాయి. అవి మంచివే, మన పిల్లలు అక్కడి నుంచి పెద్ద చదువులకు పోతున్నారు. కానీ ప్రవేశ పరీక్షలో నెగ్గినవాళ్లు అటు పోతే, కొండమీది పాత ఆశ్రమ బడిలో మిగిలేది ఎవరు? చెప్పేవాళ్లు లేని పిల్లలు, తల్లో తండ్రో లేని పిల్లలు, కొలాం గూడెం నుంచి మొదటిసారి బడికి వచ్చిన పిల్లలు. సంఖ్య తగ్గితే బడి అక్కర్లేదన్న మాట వినిపిస్తుంది. ఆ బడి మూతపడితే ఎక్కువ నష్టపోయేది వాళ్లే. అందుకే పాత బడి సంగతి జ్ఞాపకాల సంగతి మాత్రమే కాదు.

ఇప్పుడు పూర్వ విద్యార్థుల సంగతికి వస్తాను. మా వైపు ఒక పాత ఆశ్రమ పాఠశాలకు వాళ్లు మొదటి ఏడాది గేటు చేయించారు, రంగులు వేయించారు, గ్రూప్ ఫొటో తీసుకున్నారు. రంగు వానాకాలానికి వెలిసిపోయింది. రెండో ఏడాది వాళ్లలో ఒకరు పాత అడ్మిషన్ రిజిస్టర్ అడిగి తీయించారు. ఏ గూడెం నుంచి ఎవరు చేరారు, ఎవరు ఏ తరగతిలో ఆగిపోయారు అని ఊరి వారీగా రాసుకున్నారు. ఒకప్పుడు పిల్లలను పంపి ఇప్పుడు పంపని గూడేలు బయటపడ్డాయి. ఆ గూడేలకు ఆ ఊరివాళ్లే పోయారు. దండారి అయ్యాక తిరిగిరాని పిల్లల ఇళ్లకు నడిచారు. నేను పోతే "మేడం వచ్చింది" అని పిల్ల ఇంటి వెనక దాక్కుంటుంది. వరసకు కాకో, మామో పోతే కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆ ఏడాది పిల్లలు ఎక్కువగా తిరిగొచ్చారు. గేటు చేయలేని పని అది.

మీ ఊరి బడికి మీరు చేయగలిగినవి కొన్ని చెబుతాను.

మొదటిది, మనుషులుగా రండి. డబ్బు లేకపోతే ఆదివారం ఒక పూట రండి. డిగ్రీ చదివే చెల్లెలు ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబితే, ఆ పిల్లలు లెక్కలతో పాటు ఆమెను కూడా చూస్తారు. మన గూడెం అమ్మాయి ఇంత చదివిందా అని వాళ్ల కళ్లలో కనిపించేది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

రెండోది, భాష తీసుకురండి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. అంటే ఆ లిపికి మన ఫోన్లలోకి దారి ఏర్పడింది. మన ప్రధాన్లు కీక్రీ వాయిస్తూ చెప్పే కథలు చిన్నచిన్నగా రాసి పిల్లలకు చదివించండి. కొలామీ పిల్లలుంటే కొలామీలో. పిల్లలు తెలుగు, ఇంగ్లీషు ఇంకా బాగా నేర్చుకుంటారు, తగ్గరు. బడిలో పనిచేసే టీచర్‌గా చెబుతున్న మాట ఇది.

మూడోది, టీచర్లు కండి. జీవో నంబర్ 3 పోయిందని నిరాశపడి డీఎడ్, బీఎడ్ వదిలేస్తున్నవాళ్లను చూస్తున్నాను. చట్టం కోసం అడగాల్సిందే, సంఘంగా అడుగుతూనే ఉందాం. అది వచ్చేలోపు టెట్, డీఎస్సీ రాసి నెగ్గేవాళ్లు కూడా కావాలి. 1943లో మర్లవాయికి వచ్చిన యువకులకు ఏ రిజర్వేషనూ లేదు, నాలుగు అక్షరాలు వచ్చు అంతే.

నాలుగోది, అడగడం నేర్చుకోండి. నీళ్లు రాకపోతే, మరుగుదొడ్డి పనిచేయకపోతే, జ్వరాల కాలంలో నర్సు లేకపోతే వార్డెన్ రాసిన ఉత్తరం ఒక కాగితం. పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు, పటేల్ కలిసి సంతకాలు చేసి ఐటీడీఏకు ఇచ్చింది ఊరి మాట. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ ఉన్నది అందుకే. అధికారులు మన ముందు కూర్చుని మన కష్టం వినే చోటు అది. అక్కడ భూమి గురించి అడిగినట్టే బడి గురించి కూడా అడగండి.

బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మర్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో చనిపోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరిలో మనవాళ్లు అక్కడ చేరి వాళ్లను తలుచుకుంటారు. తలుచుకోవాలి కూడా. కానీ ఆ కేంద్రంలో చదివి, చీకటి పడ్డాక దీపం బుడ్డి ముందు మన తాతలకు అక్షరాలు దిద్దించిన గోండు పంతుళ్ల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి? వాళ్లకు సమాధి రాళ్లు లేవు, జయంతులు లేవు. వాళ్ల పేర్లు తెలిసిన ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

కాబట్టి ఈ దండారికి ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. మీ ఊళ్లో మొదట బడికి పోయింది ఎవరు, వాళ్లకు చదువు చెప్పిన పంతులు ఎవరు, ఆ పంతులు ఎక్కడ చదివాడు అని పెద్దవాళ్లను అడగండి. ఫోన్‌లో వాళ్ల గొంతు రికార్డు చేయండి, పేర్లు రాసుకుని సంఘానికి పంపండి. ఊరూరి నుంచి ఆ పేర్లు వస్తే వచ్చే సంచికలో మన చదువు చరిత్రను మనమే రాసుకోవచ్చు.