గింజంత ఓడకు ఎంత తెరచాప?

ఓడను వ్రేలికొనపై నిలుపు విద్య ఆంధ్రులకు క్రొత్తది కాదు. క్రీ. శ. 2వ శతాబ్దమున ఏలిన యజ్ఞశ్రీ శాతకర్ణివిగా చెప్పబడు సీసపు నాణెములపై రెండు కొయ్యల ఓడ గలదు. కంకిపాడు నుండి బందరు దారిన ఉయ్యూరు, పామర్రు దాటి దక్షిణమునకు మళ్ళినచో ఘంటసాల వచ్చును. అచ్చట దొరకిన శాసనము ఒక మహానావికుని పేర్కొనుచున్నది. అంతటి సముద్రయానమును నాణెపు పనివాడు చిన్న బిళ్ళపై చూపవలసివచ్చినది. అతడు కొయ్యలను మిన్నగా నిలిపి, తక్కినదానిని మన ఊహకు వదలెను.

నేడు బల్లపై పటము పరచి, బొమ్మ వ్యోమనౌకలను నడుపుచు ఆడు ఆటలు వచ్చినవి. వానికై ఎండతో నడచు తెరచాప ఓడను ఇంట చేసికొనువారికిని అదే చిక్కు. కాని ఇంకను పెద్దది.

ఆకాశపు గాలికి తగిన ఓడలను, తెరచాపలను కెప్లరు 1610లో గెలీలియోకు వ్రాసిన లేఖలోనే ఊహించెను. ఆ గాలి ఎండయే. వెలుగు తాకిన వస్తువును నెట్టును. అయితే భూమి దూరమున, అద్దమువంటి రేకుపై చదరపు మీటరుకు ఆ నెట్టుడు ఒక మిల్లీగ్రాము బరువైనను కాదు. కనుక తెరచాప విశాలముగను, ఓడ పిసరంతగను ఉండవలెను. 2010లో జపానువారి ఇకారోస్ తన చుట్టు తాను తిరుగుచు, ప్రక్కకు 14 మీటర్ల తెరను విప్పినది. 2019లో వెళ్ళిన లైట్‌సెయిల్ 2 పొడవు 30 సెంటీమీటర్లే. దాని తెర 32 చదరపు మీటర్లు!

ఇది వట్టి ఆటవస్తువని తలపరాదు. 1982 ఏప్రిలులో ఎగసిన మన ఇన్సాట్-1ఎకు సౌరఫలకము ఒక ప్రక్కనే ఉండెను. ఎండ దానిని నెట్టి ఉపగ్రహమును త్రిప్పకుండ, రెండవ ప్రక్క తూకమునకై ఒక తెర నమర్చిరి. ఆ తెర విచ్చుకొనలేదు. నిలకడకై ఉంచిన ఇంధనము అయిపోగా, సెప్టెంబరులో దానిని విడువవలసివచ్చినది. 1983లో వెళ్ళిన ఇన్సాట్-1బి నిలదొక్కుకొని, రేడియో కార్యక్రమములను దూరకేంద్రములకు చేర్చినది.

ఇక బల్లమీది ఓడ. లైట్‌సెయిల్ కొలత పాటించి అంగుళపు ఓడ చేసినచో తెర ఒక్కొక్క ప్రక్క అడుగున్నర దాటును. ఎదుటివాని ఓడలన్నియు దాని క్రిందికే పోవును. తెరను కుదించి ఓడను పెంచువారు కలరు. చూడ ముచ్చటయే గాని, అది ఎండతో నడచు ఓడ కాదు, గొడుగు పట్టిన పడవ. మేమైతే ఓడనే వడ్లగింజ పొడవునకు చెక్కుదుము. అపుడు ఆరంగుళముల తెర చాలును. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి ఆ సన్నపనికి లొంగునంత మెత్తనిది. గాలిపటమునకువలె వెదురు పుల్లలను అడ్డముగా నిలిపి, వెండికాగితమును నాలుగు ముక్కోణములుగా కోసి చింతపిక్కల జిగురుతో అంటింపవలెను. జిగురు పలుచగా ఉండవలెను. చిక్కనైనచో ఆరునప్పుడు కాగితము ముడుచుకొనును.