రంగము సొమ్ము – తీరమండలముల జమాఖర్చు

గ్రామలెక్కలలో భూమికి గడి కలదు. ఊరువిడిచి పోయినవానికి గడి లేదు. పొలమును, పంటను, శిస్తును వ్రాయు లెక్కలు ఆ శిస్తు ఏ సీమనుండి వచ్చిన సొమ్ముతో చెల్లెనో చెప్పవు. ఉత్తర తీరమండలముల విషయమున ఆ సీమ చాలకాలము బర్మాయే. దాని నాటి ముఖ్యపట్టణమగు రంగూనును మనవారు ‘రంగము’ అనిరి.

1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను ఆక్రమించిరి. 1869లో సూయజు కాలువ తెరువబడిన పిమ్మట అచటి బియ్యమునకు ఐరోపాలో గిరాకి హెచ్చెను. రేవులో బస్తాలు మోయుటకును, బియ్యపుమిల్లులలో పనిచేయుటకును కూలీలు కావలసివచ్చిరి. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములవారు కాకినాడ, భీమునిపట్టణము, కళింగపట్టణము మున్నగు రేవులలో పొగయోడ లెక్కిరి. గంజామును 1866 నాటి కరవు పీడించియుండెను. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోనే పూర్తియై గోదావరి డెల్టా పచ్చబడినను, సెంటు భూమిలేనివానికి కోతలు ముగిసిన పిదప పని కరవే.

ఇక లెక్క చూతము. మేస్త్రీ ఓడకర్చులకు బయానా ఇచ్చి, అది తీరువరకు కూలిలో విరిచికొనెడివాడు. కావున ఊరినుండి పోయినది మనుష్యుడు మాత్రమే కాదు, అతని రానున్న కూలియు. మిగిలినది మనియార్డరుగా ఇల్లు చేరెను. దానితో అప్పులు తీరెను, శిస్తు చెల్లెను, కలిగినవారి యిండ్లకు బర్మాటేకు ద్వారబంధము లమరెను. సాధారణముగ పురుషుడే పోయెడివాడు గనుక సేద్యము, వృద్ధులు, పిల్లలు ఇల్లాలి తలపై బడిరి. ఆమె శ్రమను ఏ పద్దునను వ్రాసినవారు లేరు.

1931 నాటికి రంగమున సగమునకు మించి భారతీయులే యుండిరి. అంతకు ముందే, 1930 మే నెలలో, రేవుపనికై తెలుగు కూలీలకును బర్మావారికిని ఘోరమైన కొట్లాట జరిగెను. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడగా, లక్షలకొలది భారతీయులు 1942లో అడవులబడి నడచివచ్చిరి. ఎందరో త్రోవలోనే గతించిరి. 1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసి, ఏబది, నూరు క్యాట్ల నోట్లను రద్దుపరచెను. తరతరముల ఆర్జన ఒక్క యేట కాగితమయ్యెను. వట్టిచేతులతో తిరిగివచ్చినవారిలో అనేకులు విశాఖపట్టణమున స్థిరపడిరి.

పాఠకమహాశయులారా! మీ యింటి పెట్టెలలో నాటి జాబులు, ఓడచీట్లు, మనియార్డరు రశీదులు మిగిలియున్నచో ఈ గ్రంథాలయమునకు చేర్పుడు. శిస్తు వ్రాసియుంచిన ఊరు, ఆ శిస్తు గడించినవానిని మరచుట న్యాయము కాదు.