ఇంటి నుంచే మెడికల్ అసిస్టెంట్ డిగ్రీ: విడీ ఘర్కుల్ తల్లులు అడుగుతున్న ప్రశ్నకు జవాబు

12వ తరగతి ఫలితాలు వచ్చాయంటే మా సంఘం ఆఫీసులో సాయంత్రాలు ఖాళీగా ఉండవు. ఆదాయ దాఖలా కోసం ఒకరు వస్తారు, స్కాలర్‌షిప్ ఫారం నింపించుకోవడానికి ఒకరు, సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడిందని ఇంకొకరు. ఈ మధ్య వీటితో పాటు ఒక కొత్త ప్రశ్న కూడా వస్తోంది. ఫోన్ మా ముందు పెట్టి, "ఇంట్ల కూసోనే మెడికల్ అసిస్టెంట్ డిగ్రీ అంట, బిడ్డను చేర్పించొచ్చా?" అని అడుగుతున్నారు. అడిగేవాళ్ళలో తల్లులే ఎక్కువ. విడీలు చుట్టి ఇల్లు నడిపేవాళ్ళు.

కిందటి ఏడాది ఒక తల్లి వచ్చేసరికే పని అయిపోయింది. బచత్ గట్‌లో అప్పు తీసి ఫీజంతా కట్టేసింది. కూతురు ఆరు నెలలు ఫోన్‌లో వీడియోలు చూసి, పరీక్ష కూడా ఫోన్‌లోనే రాసింది. చివరికి వాట్సాప్‌లో ఒక సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని ప్రింటు తీసి, లామినేషన్ చేయించి ఆసుపత్రికి పట్టుకెళితే అక్కడ రెండే ప్రశ్నలు అడిగారట. ఏ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఉంది? ప్రాక్టికల్ ఏ ఆసుపత్రిలో చేశావు? రెండింటికీ ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. "అన్నా, నా బిడ్డ రాత్రిళ్ళు మేలుకొని సదివింది. ఆ సదువు అబద్ధం కాదు గదా" అని తల్లి అడిగింది. మేమూ ఏమీ చెప్పలేకపోయాం. ఇంకో ఇంట్లో ఇలా కాకూడదని, తెలిసిన సంగతులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాం.

అసలు ఈ డిగ్రీ ఎక్కడిది?

మెడికల్ అసిస్టెంట్ అనే ఉద్యోగం అమెరికాది. అక్కడ డాక్టరు క్లినిక్‌లో రోగి పేరు రాసుకోవడం, ఎత్తు, బరువు, బీపీ చూసి నమోదు చేయడం, ఈసీజీ తీయడం, రక్తం తీయడం, డాక్టరు చెప్తే ఇంజక్షన్ ఇవ్వడం, ఇన్సూరెన్స్ కాగితాలు నింపడం, ఫోన్లు ఎత్తడం, ఇవన్నీ ఒకే మనిషి చేస్తారు. సగం నర్సు పని, సగం గుమాస్తా పని అనుకోండి. నర్సు మాత్రం కాదు. ఫిజీషియన్ అసిస్టెంట్ అనేది కూడా వేరే. అది చాలా పై చదువు. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల ప్రకటనలవాళ్ళకు బాగా కలిసివస్తోంది.

అక్కడ ఈ పనికి ఏడాది లోపు సర్టిఫికెట్ కోర్సులు ఉన్నాయి, రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ కూడా ఉంది. అసోసియేట్ డిగ్రీ అంటే మన పూర్తి డిగ్రీ కాదు, కాలేజీలో మొదటి రెండేళ్ళ చదువు. కొత్త విద్యా విధానం ప్రకారం మన దగ్గర రెండేళ్ళకు ఆపేస్తే డిప్లొమా ఇస్తారు కదా, సుమారుగా ఆ మెట్టు. పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పే కాలేజీలు అక్కడ నిజంగానే ఉన్నాయి. కాబట్టి ప్రకటనలో సగం నిజమే.

మిగతా సగం వాళ్ళు చెప్పరు. అమెరికాలో ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చే పెద్ద సంస్థ ఒకటి సీఏఏహెచ్ఈపీ. దాని గుర్తింపు ఉన్న కోర్సులో చేరిన విద్యార్థి, పాఠాలు ఇంట్లో చదివినా, కనీసం 160 గంటలు క్లినిక్‌లోనో ఆసుపత్రిలోనో జీతం లేకుండా పని నేర్చుకోవాలి. పక్కన ఒకరు నిలబడి చూస్తూ ఉంటారు. అది పూర్తి కాకపోతే కోర్సు పూర్తి కానట్టే. పుట్టింటి దేశంలోనే ఒట్టి వీడియోలతో చేతికి రాని చదువు, సోలాపూర్‌లో ఫోన్ మీద ఎలా వస్తుంది? రక్తం తీయడానికి నరం దొరకబుచ్చుకోవడం తెరమీద చూస్తే రాదు. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, మడత పెట్టడం ఎవరైనా వీడియో చూసి నేర్చుకున్నారా? మన ఇళ్ళలో ఆడపిల్లలు అమ్మ పక్కన కూర్చుని, వంద విడీలు పాడు చేసి నేర్చుకున్నారు. ఇదీ అంతే.

అమెరికాలో స్థిరపడిన మన కోడళ్ళు, కూతుళ్ళు అక్కడే ఉండి ఈ కోర్సు చదివితే అది వేరే సంగతి. పని చేయడానికి అనుమతి ఉన్న వీసా ఉందా అనేది మాత్రం ముందు చూసుకోవాలి. ఇక్కడ కూర్చుని ఆ కాగితం సంపాదించి అక్కడికి ఉద్యోగానికి పోవచ్చు అనే మాట నమ్మి డబ్బు కట్టకండి.

మన చట్టం ఏమంటోంది?

యూజీసీ 2020 సెప్టెంబర్‌లో దూరవిద్య, ఆన్‌లైన్ చదువులకు నిబంధనలు తెచ్చింది. మెడికల్, డెంటల్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, పారామెడికల్ చదువులు ఆ పద్ధతిలో నడపకూడదు. 2021లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది, అనుబంధ వైద్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం. ల్యాబ్, ఎక్స్‌రే, డయాలిసిస్, ఆపరేషన్ థియేటర్, ఫిజీషియన్ అసోసియేట్ వంటి పనులన్నీ దాని కిందికి వస్తాయి. ఇటువంటి డిప్లొమా లేక డిగ్రీ కనీసం 2,000 గంటల చదువు, కనీసం రెండేళ్ళు ఉండాలని ఆ చట్టంలోనే రాశారు. ఆరు నెలల్లో మెడికల్ అసిస్టెంట్ అని ఎవరైనా అంటే ఈ లెక్క గుర్తు చేసుకుంటే చాలు. ఆ తరువాత 2025 ఆగస్టులో యూజీసీ మరోసారి గట్టిగా చెప్పింది. ఈ చట్టం కిందికి వచ్చే ఏ కోర్సునూ 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఏ విశ్వవిద్యాలయమూ దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదు. సైకాలజీ, మైక్రోబయాలజీ, పోషకాహార శాస్త్రం కూడా అందులో చేరాయి.

విదేశీ డిగ్రీకి ఇక్కడ సమానత్వం ఇస్తారు కదా అని ఒక కుర్రవాడు మాతో వాదించాడు. దానికి 2025 ఏప్రిల్‌లో యూజీసీ నిబంధనలు వచ్చిన మాట నిజమే. కానీ వైద్యం, నర్సింగ్, ఫార్మసీ వంటివి వాటి పరిధిలో లేవు. అవి సంబంధిత కౌన్సిళ్ళే చూసుకుంటాయి.

మన దేశంలో మెడికల్ అసిస్టెంట్ అనే పేరుతోనే ఉన్న ఉద్యోగం మాకు తెలిసి భారత నౌకాదళంలో ఉంది. 12వ తరగతిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివిన అవివాహిత యువకులను తీసుకుని, శిక్షణ వాళ్ళే ఇస్తారు. ఫీజు ఉండదు, పైగా జీతం ఇస్తారు. ఘర్కుల్‌లో సైన్స్ చదివిన మగపిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవచ్చు.

మరి మన ఆడపిల్లలకు దారి ఏది?

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మన పెద్దలు తెలంగాణ పల్లెల నుంచి మగ్గాల కోసం సోలాపూర్ వచ్చారు. మగవాళ్ళు గిరణీలకు, కారఖానాలకు పోతే ఆడవాళ్ళు ఇంట్లో విడీలు పట్టారు. ఆడం మాస్టర్ ముందు నిలబడి నడిపించిన ఉద్యమంతో కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరుతో 10,000 ఇళ్ళ ఘర్కుల్ లేచింది. 2006 జూన్ 1న ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలు అప్పగించారు. 2024 జనవరిలో రేనగర్‌లో ఇంకో 15,000 ఇళ్ళు వచ్చాయి. ఇల్లు సొంతమైంది, పని మాత్రం చాటలోనే ఉండిపోయింది. అందుకే కూతురు ఆసుపత్రిలో పని చేయాలనే తల్లి కోరిక మాకు చిన్నదిగా కనిపించదు. ఆ కోరికనే పెట్టుబడిగా పెట్టి ఎవరో వ్యాపారం చేస్తున్నారనేదే మా బాధ.

నిజమైన దారుల్లో మొదటిది ఏఎన్ఎం. రెండేళ్ళ కోర్సు, అమ్మాయిలకు మాత్రమే. 12వ తరగతి ఆర్ట్స్‌లో చదివినవాళ్ళకూ అవకాశం ఉంది. మన పిల్లల్లో ఎక్కువ మంది ఆర్ట్స్ వాళ్ళే కాబట్టి ఈ సంగతి ముఖ్యం. రెండోది జీఎన్ఎం, మూడేళ్ళు. 12వ తరగతిలో ఇంగ్లీషు ఉండి 40 శాతం మార్కులు కావాలి. నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్‌కు మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ తప్పనిసరి. ఈ మూడింటిలో ఏది పూర్తి చేసినా మహారాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు అవుతుంది. ఆసుపత్రిలో మొదట అడిగేది ఆ రిజిస్ట్రేషన్ నంబరే.

రెండేళ్ళు ఆగలేని ఇళ్ళు ఉంటాయి. తండ్రి మంచం పట్టి ఉంటాడు, వెనక తమ్ముళ్ళు ఉంటారు. వాళ్ళకు జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనే నైపుణ్య కోర్సు ఉంది. కొన్ని నెలల్లో అయిపోతుంది. రోగిని పక్కకు తిప్పడం, స్నానం చేయించడం, తినిపించడం, బీపీ చూడడం, వీల్‌చైర్‌లో తీసుకెళ్ళడం, ఇవీ అందులో నేర్పేవి. జీతం తక్కువ, ఒళ్ళు నొప్పి ఎక్కువ. తెల్ల కోటు ఉండదు. ఈ మాట ముందే చెప్తున్నాం, చేరాక ఏడవడం కంటే మంచిది. ప్రభుత్వ నైపుణ్య పథకంలో సీటు దొరికితే ఫీజు లేకుండా అయిపోతుంది.

మెడికల్ అసిస్టెంట్ పనిలో గుమాస్తా సగం ఉందన్నాం కదా, దానికి దగ్గరగా మన దగ్గర ఆరోగ్యమిత్ర ఉద్యోగం ఉంది. ఈ పేరు మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలను కూర్చోబెట్టారు. మహారాష్ట్ర ఆ బాటలోనే 2012 జులైలో తన పథకాన్ని మొదట ఎనిమిది జిల్లాల్లో ప్రారంభించింది. అందులో సోలాపూర్ ఒకటి. ఇప్పుడు దాని పేరు మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన. పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో రోగి కాగితాలు చూసి, నమోదు చేసి, దారి చూపించేది ఆరోగ్యమిత్రే. ఇటువంటి బల్ల దగ్గర మన పిల్లలకు ఒక బలం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, టీవీలో హిందీ. అక్కల్‌కోట్ వైపు నుంచి వచ్చే రోగితో నాలుగు ముక్కలు కన్నడం మాట్లాడే పిల్లలు కూడా ఉన్నారు. ఏ ఆన్‌లైన్ కోర్సూ ఇది నేర్పదు.

అలాగని ఫోన్‌లో చదువే వద్దని మేము అనడం లేదు. శరీర భాగాల పేర్లు, రోగాల పేర్లు, ఇంగ్లీషు మాటలు, కంప్యూటర్‌లో టైపింగ్, ఎక్సెల్, ఇవన్నీ ఇంట్లో నేర్చుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. మొదట చెప్పిన అమ్మాయి రాత్రిళ్ళు చదివిన చదువు వృథా కాలేదని ఇప్పుడు మాకు అనిపిస్తోంది. బీపీ అంటే ఏమిటో, ఇన్సులిన్ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. పనికి రానిది ఆ కాగితం ఒక్కటే.

డబ్బు కట్టే ముందు

ఏ సంస్థ పేరు వచ్చినా మమ్మల్ని అడగండి, లేకపోతే మీరే చూసుకోండి. విశ్వవిద్యాలయం అంటే యూజీసీ జాబితాలో ఉండాలి. యూజీసీ నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా కూడా ప్రకటిస్తుంది. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఏ డిగ్రీలో చేరినా ఇప్పుడు యూజీసీ పోర్టల్‌లో విద్యార్థి డెబ్ ఐడీ తీసుకోవాలి. అది అక్కర్లేదు అన్నారంటే అనుమానించండి. నర్సింగ్ కాలేజీ అయితే ప్రాక్టికల్ ఏ ఆసుపత్రిలో చేయిస్తారో కాగితం మీద రాసివ్వమనండి, తరువాత ఆ ఆసుపత్రికి పోయి అడగండి. కుంభారిలోనే మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, నగరంలో సివిల్ హాస్పిటల్ ఉంది. అక్కడ పని చేసే మన ఆడపిల్లలను ఒకసారి పలకరిస్తే మా వ్యాసం కంటే ఎక్కువ తెలుస్తుంది. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. "ఈ రాత్రితో ఆఫర్ అయిపోతుంది" అంటే అయిపోనివ్వండి.

విడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది. డిగ్రీ, పాలిటెక్నిక్ చదువులకు ఏడాదికి 6,000 రూపాయలు, వృత్తి విద్య డిగ్రీలకు 25,000. గుర్తింపు ఉన్న సంస్థలో రెగ్యులర్ చదువు అయితేనే ఇస్తారు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. తల్లి గానీ తండ్రి గానీ కనీసం ఆరు నెలలు విడీ పనిలో ఉండాలి. మా దగ్గరకు వచ్చేటప్పుడు విడీ కార్డు, ఆదాయ దాఖలా, ఆధార్, పిల్ల పేరు మీద ఉన్న బ్యాంకు పాసుబుక్కు, కిందటి ఏడాది మార్కుల పత్రం తీసుకురండి. కార్డులో తల్లి పేరు ఒకరకంగా, ఆధార్‌లో ఇంకోరకంగా ఉండడం వల్ల ఎక్కువ దరఖాస్తులు ఆగిపోతున్నాయి. అది ముందే సరిచేయించుకోండి.

లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ తెచ్చిన ఆ అమ్మాయి ఈ ఏడాది ఏఎన్ఎం దరఖాస్తు నింపింది. ఫారం మేమే చూశాం, తప్పులు లేవు. బచత్ గట్ అప్పు ఇంకా నాలుగు కిస్తీలు మిగిలి ఉంది.